అడిగిన వారందరికీ ఒక ప్రతి



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయంగా ఒక వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిందల్లా కాగితం, ఆ కాగితానికి తీసే ప్రతి. అందుచేత ప్రతుల చరిత్రలో మన కళ్ళ ఎదుటే జరిగిన ఒక అధ్యాయాన్ని ఎంచుకున్నాను. అదేమంటే, సొంత ఖర్చుతో ఇంటర్నెట్టులో ఒక చోటు ఏర్పాటు చేసుకుని, వచ్చిన వారందరూ దించుకుపోవడానికి వీలుగా పుస్తకాలు, అక్షరాలు, ఉత్తర్వులు, ఫారాలు పెట్టిన వారి కథ.

మనం ఉద్యోగంలో చేరిన రోజుల్లో ప్రతి అంటే ఎంత శ్రమో గుర్తు చేసుకోండి. టైపు మిషనులో మూడు కార్బన్లు పెడితే నాలుగో ప్రతి చదవడానికి కళ్ళద్దాలు చాలేవి కావు. వంద ప్రతులు కావాలంటే స్టెన్సిల్ కట్ చేసి, సైక్లోస్టైల్ మిషను మీద తిప్పి, చేతులకు, చొక్కాకు సిరా పూసుకుని బయటకు వచ్చేవాళ్ళం. జి.ఓ. కింద 'కాపీ టు' అని ఉన్న జాబితాలో మన ఆఫీసు పేరు లేకపోతే ఆ జి.ఓ. మనకు లేనట్టే. ప్రతి ఎవరి బీరువాలో ఉంటే వారే పెద్దమనిషి. ఆ బీరువా తాళం చెవి అందరి చేతికీ ఎలా వచ్చిందన్నదే ఈ వ్యాసం.

మొదటి తాళం తీసినవాడు మనవాడే

1971 నాటికి అమెరికాలో ఆర్పానెట్ అనే పేరుతో కొద్ది కంప్యూటర్లను తీగలతో కలిపారు. ఇప్పటి ఇంటర్నెట్టుకు అదే మూలం. ఒక కంప్యూటరులోని దస్త్రాన్ని మరో కంప్యూటరు తెచ్చుకోవాలంటే రెండింటి మధ్య ఒక ఒప్పందం ఉండాలి. మన తపాలా శాఖలో రిజిస్టరు ఉత్తరానికి ఉన్న పద్ధతి వంటిదన్నమాట. ఆ ఒప్పందాన్ని 1971 ఏప్రిల్ నెలలో రాసినవాడు అభయ్ భూషణ్. అలహాబాదులో పుట్టి, కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి బ్యాచిలో 1965లో పట్టా పుచ్చుకుని, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదువుకుంటున్న యువకుడు. ఆ పద్ధతికి ఫైల్ ట్రాన్స్ఫర్ ప్రోటోకాల్, పొట్టిగా ఎఫ్.టి.పి., అని పేరు. తరువాత కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచమంతా దస్త్రాలు దించుకున్నది ముఖ్యంగా ఈ దారినే.

ఈ ఎఫ్.టి.పి.లో కాలక్రమాన ఒక మంచి ఆచారం ఏర్పడింది. కంప్యూటరులోకి వెళ్ళాలంటే పేరు, రహస్య సంకేతం అడుగుతుంది కదా. పరాయివాడికి ఆ రెండూ ఎక్కడివి? అందుకని ఇచ్చే ఉద్దేశం ఉన్నవారు, 'ఎనానిమస్' అంటే 'పేరు లేనివాడు' అని టైపు చేస్తే చాలు, లోపలికి రానిచ్చే ఏర్పాటు చేశారు. సంకేతం స్థానంలో తన ఈమెయిలు చిరునామా రాయడం వచ్చినవాడి మర్యాద. మన వేసవి చలివేంద్రంలో నీళ్ళు పోసేవాడు ఊరు, పేరు అడగడు. ఇదీ అంతే.

పదిహేడేళ్ళు దాటి పది పుస్తకాలు

అదే 1971 సంవత్సరం, జూలై 4. అమెరికా స్వాతంత్ర్య దినం. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థికి అక్కడి పెద్ద కంప్యూటరును వాడుకునే అవకాశం దొరికింది. ఆ రోజుల్లో కంప్యూటరు కాలమంటే బంగారంతో సమానం. దానితో ఏం లెక్కలు వేసినా ఆ విలువకు తగిన పని కాదని అతనికి తోచింది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కూర్చుని టైపు చేశాడు. ఆ యంత్రంలో చిన్న అక్షరాలు లేవు గనుక మొత్తం పెద్ద అక్షరాల్లోనే కొట్టాడు. దాన్ని అందరికీ పంపితే ఆనాటి తీగలు తట్టుకోలేవని తెలిసి, ఫలానా చోట ఉంది, కావలసిన వారు తీసుకోండి అని మాత్రం తెలియజేశాడు. దించుకున్నవారు ఆరుగురని చెబుతారు.

ఆరుగురు! సభ పెట్టి ఆరుగురే వస్తే మనం వచ్చే ఏడాది సభ మానుకుంటాం. హార్ట్ మానలేదు. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అని పేరు పెట్టి, కాపీహక్కు తీరిపోయిన గ్రంథాలను ఒక్కొక్కటిగా ఎక్కించుకుంటూ పోయాడు. పదో పుస్తకం, అంటే బైబిలు, పూర్తయ్యేసరికి 1989 వచ్చింది. వందో సంఖ్య 1994లో షేక్స్పియరు సర్వస్వానికి దక్కింది. 2000 సంవత్సరంలో డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్ రీడర్స్ అనే పద్ధతి వచ్చింది. పుస్తకాన్ని పేజీలుగా విడదీసి, ఎవరి ఇంట్లో వారు కూర్చుని రోజుకొక పేజీ దిద్దవచ్చు. దానితో వేగం ఎన్నో రెట్లు పెరిగింది. హార్ట్ 2011 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఈ రోజున ఆ భాండాగారంలో డెబ్బై వేలకు పైగా పుస్తకాలు ఉన్నాయి. ఒక్కదానికీ వెల లేదు.

తప్పు పోకుండా, బరువు లేకుండా

ఇవ్వాలనే మనసు ఉంటే చాలదు, ఇచ్చింది చెడకుండా చేరాలి. టెలిఫోను తీగ మీద గరగర శబ్దం వస్తే దస్త్రంలో అక్షరాలు తారుమారయ్యేవి. చికాగో నగరవాసి వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. దస్త్రాన్ని 128 అక్షరాల మూటలుగా కట్టి, ఒక్కొక్క మూట చివర దానిలోని అంకెల మొత్తాన్ని రాసి పంపుతారు. అందుకున్న యంత్రం తాను కూడా కూడి చూసుకుంటుంది. మొత్తం కుదిరితే తరువాతి మూట, కుదరకపోతే అదే మూట మళ్ళీ. క్యాష్ బుక్కులో పేజీ అడుగున వేసే మొత్తం లాంటిదే ఇది. ఈ ఉపాయాన్ని అతను ఎవరికీ అమ్మలేదు, లోకానికి వదిలేశాడు. 1978 ఫిబ్రవరిలో మిత్రుడు రాండీ స్యూస్ తో కలిసి, ఎవరైనా ఫోను చేసి కంప్యూటరుతో కంప్యూటరు కలుపుకునే ప్రకటనల బోర్డును మొదలుపెట్టాడు. ఒక మనిషి తన సొంత యంత్రాన్ని ఊరందరికీ తెరిచిపెట్టడం దాదాపు అక్కడే మొదలు.

తరువాత బరువు సమస్య. ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ 1989లో జిప్ అనే పద్ధతిని తెచ్చాడు. పరుపును చుట్టి హోల్డాలులో కట్టినట్టు దస్త్రాన్ని నొక్కి చిన్నది చేసి పంపితే, అవతల విప్పుకుంటే యథాతథంగా ఉంటుంది. తన ప్రోగ్రామును అమ్ముకున్నాడు గాని, ఆ కట్టే విధానాన్ని మాత్రం ఎవరైనా వాడుకోవచ్చునని ప్రకటించాడు. అందుకే ఆ పద్ధతి నేటికీ బతికి ఉంది. అతను మాత్రం 2000లో, 37 ఏళ్ళకే పోయాడు.

సొంత అరుగులు

1989లో టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో వెబ్ అనే ఆలోచనను కాగితం మీద పెట్టాడు. 1991 ఆగస్టులో దాన్ని బయటి వారికి తెలియజేశాడు. అప్పటికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారి గోఫర్ అనే పద్ధతి కూడా మంచి వాడుకలో ఉంది. 1993 తొలి నెలల్లో, గోఫర్ వాడకానికి కొందరి వద్ద రుసుము తీసుకుంటామని ఆ విశ్వవిద్యాలయం చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ, వెబ్ సాఫ్టువేరు మీద తమకు హక్కులేమీ అక్కర్లేదని, అందరూ వాడుకోవచ్చునని రాతపూర్వకంగా ప్రకటించింది. జనం ఎటు మొగ్గి ఉంటారో మీరే ఊహించగలరు. ఈనాడు గోఫర్ పేరు ఎంతమందికి తెలుసు?

వెబ్ వచ్చాక మామూలు మనిషికి కూడా ఇంటర్నెట్టులో ఒక అరుగు దొరికింది. 1994లో మొదలైన జియోసిటీస్ వంటి సంస్థలు ఉచితంగా జాగా ఇచ్చాయి. ఉపాధ్యాయులు పాఠాలు పెట్టారు, సంగీతజ్ఞులు స్వరాలు పెట్టారు, ఇంజనీర్లు చిన్న చిన్న ప్రోగ్రాములు పెట్టారు. 1993లో అడోబీ సంస్థ తెచ్చిన పి.డి.ఎఫ్. పద్ధతి వల్ల, ఇక్కడ అచ్చు వేసినట్టు కనబడిన పేజీ ఎక్కడ తెరిచినా అలాగే కనబడే సౌకర్యం కలిగింది.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టును ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు. తక్కువ రుసుము ఖాతాల్లో మొదట అక్షరాలే గాని బొమ్మలు కనబడేవి కావు. ఆనాటి 28.8 కిలోబిట్ల మోడెంతో ఒక మెగాబైటు దస్త్రం దించుకోవాలంటే, అంతా సవ్యంగా ఉంటే ఐదు నిమిషాలు. మధ్యలో ఎవరైనా ఫోనెత్తితే మళ్ళీ మొదటికి. అంత కష్టంలోనూ దించుకునేవారు దించుకున్నారు, పెట్టేవారు పెట్టారు.

తెలుగు అక్షరానికి చలివేంద్రం

మన తెలుగు విషయంలో ఈ ఉచిత ఫైళ్ళ మేలు ఇంతా అంతా కాదు. ఇంగ్లీషువాడికి అక్షరాలు కంప్యూటరుతో పాటే వచ్చాయి. మనకు అలా కాదు. 1990ల చివర తెలుగు పత్రిక ఒకటి తెర మీద చదవాలంటే, ముందుగా ఆ పత్రిక వారి ఫాంటును దించుకుని కంప్యూటరులో చేర్చుకోవాలి. మరో పత్రికకు మరో ఫాంటు. ఒకదానిలో 'క' ఉన్న చోట ఇంకొకదానిలో 'బ' ఉంటే, పేజీ అంతా పిచ్చిగీతలే.

ఈ పరిస్థితి మార్చడానికి యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ప్రమాణం కాగితం మీద ఉంటే చాలదు గదా, దానికి తగ్గ ఫాంటు కావాలి. విండోస్ ఎక్స్.పి.తో 2001లో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అది లేనివారికి, అంతకంటె అందమైనది కోరినవారికి ఆదుకున్నవి పోతన, వేమన అనే ఫాంట్లు. వాటిని తయారు చేసినవారు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు. ఒక్కొక్క ఒత్తు, ఒక్కొక్క గుణింతం గీసి కూర్చి, వాటిని ఉచితంగా దించుకోనిచ్చారు. ఆ రోజుల్లో తెలుగు రాయడం మొదలుపెట్టిన వారిలో ఎందరి కంప్యూటర్లలోనో పోతన ఉండేది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు విద్యార్థులు, ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించారు. ఇప్పుడు మన మనవలు సెల్‌ఫోనులో 'amma' అని కొట్టకుండానే అమ్మ అని రాస్తున్నారంటే, వెనుక ఇటువంటి వారి నిద్ర లేని రాత్రులు ఉన్నాయి.

పుస్తకాల విషయంలో డాక్టర్ రాజ్ రెడ్డి గారి పేరు చెప్పకుండా ఉండలేం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్నవారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా అందించాలన్న సంకల్పంలో వారు ముఖ్యులు. ఆ కృషిలో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. తాతగారి కాలపు తెలుగు పుస్తకాలు, పాత పత్రికలు వేల సంఖ్యలో వెలుగు చూశాయి. కొన్నేళ్ళకు ఆ వెబ్‌సైటు మూతపడింది. అయితే బ్రూస్టర్ కేల్ 1996లో శాన్ ఫ్రాన్సిస్కోలో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవులో ఆ పుస్తకాల ప్రతులు పెద్ద సంఖ్యలో చేరి ఉన్నందువల్ల మనకు దక్కాయి. రెండో చోట ప్రతి ఉండడమే వాటిని కాపాడింది.

ఒక జి.ఓ. విలువ

ఇక మన గడప దగ్గరకు వద్దాం. నాతో పనిచేసి కాలం చేసిన ఒక మిత్రుని భార్యకు ఫ్యామిలీ పెన్షను సవరణ రావలసి ఉండింది. ఒక కార్యాలయంలో, పాత వేతన స్కేళ్ళ ఉత్తర్వు ప్రతి తెస్తే గాని కాగితం కదలదన్నారు. ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వమే ఉత్తర్వు ప్రతి అడగడం మనకు కొత్త కాదు. ఆమె, ఆమె కుమారుడు నాలుగు నెలలు తిరిగారు. చివరకు అది దొరికింది ఎక్కడంటే, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు సొంతంగా నడుపుతున్న వెబ్‌సైటులో. తన దగ్గరున్న పాత జి.ఓ.లన్నీ సంవత్సరాల వారీగా స్కాన్ చేసి, నంబరు, తేదీ, విషయం రాసి పెట్టారాయన. ఆమె ఆయనను చూడలేదు. ఆయనకు ఆమె ఎవరో తెలియదు. బకాయి మాత్రం చేతికి వచ్చింది.

ప్రభుత్వ వెబ్‌సైటు ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ లో 2021 ఆగస్టులో జి.ఓ.లను ఆ వెబ్‌సైటులో ఉంచడం నిలిపివేశారు. 2024 ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టారు. కారణాల జోలికి నేను పోను. ఒకే బీరువాను నమ్ముకుంటే ఆ బీరువాకు తాళం పడే రోజు రావచ్చునని చెప్పడానికే ఈ ప్రస్తావన.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 1957 కాపీహక్కు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి వారి రచనలు ఎవరైనా పంచవచ్చు. నిన్న మొన్నటి రచయితల పుస్తకం వారి అనుమతి లేకుండా పెట్టడం ధర్మం కాదు, చట్టమూ ఒప్పుకోదు. గెజిట్లో ప్రచురించిన ప్రభుత్వ విషయాలను, కోర్టు తీర్పులను, ప్రచురించరాదన్న నిషేధం లేనంతవరకు, పునర్ముద్రించుకోవడానికి అదే చట్టం 52వ సెక్షను వీలిస్తుంది.

లైఫ్ సర్టిఫికెట్టు లేని వెబ్‌సైటు

ఇంతవరకు చెప్పింది ఇచ్చిన వారి గొప్ప. ఇప్పుడు చెప్పబోయేది మనసుకు కష్టం కలిగించేది.

జియోసిటీస్ ను 1999లో యాహూ సంస్థ సుమారు 357 కోట్ల డాలర్ల విలువకు కొన్నది. పదేళ్ళకు, 2009 అక్టోబరు 26న, మూసేసింది. లక్షల మంది పెట్టుకున్న పేజీలు, వాటిలోని దస్త్రాలు ఒక్కసారిగా తెర మీద నుంచి పోయాయి. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద కార్యకర్తలు మూతపడే లోపల రాత్రింబవళ్ళు ప్రతులు తీసి కొంత కాపాడగలిగారు. మిగిలినది మిగలలేదు.

సొంత వెబ్‌సైటుకు ఏటా అద్దె కట్టాలి. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చినట్టే, వెబ్‌సైటు కూడా తాను బతికి ఉన్నానని డబ్బు కట్టి నిరూపించుకోవాలి. పెట్టినవాడు పెద్దవాడై మంచాన పడితే, కట్టేవారు ఉండరు. పిల్లలకు సంకేతపదం తెలియదు. గడువు దాటిన కొద్ది నెలల్లో ఇరవై ఏళ్ళ శ్రమ మాయమౌతుంది. మన రికార్డు రూముల్లో ఎల్.డిస్. అంటే ఏడాది, డి.డిస్. అంటే పదేళ్ళు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. సొంత వెబ్‌సైటుకు ఆర్.డిస్. ముద్ర వేసే అధికారి లేడు. పైన చెప్పిన ఉపాధ్యాయుని వెబ్‌సైటు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. ఆయన ఉన్నారో లేరో విచారించడానికి కూడా దారి లేదు. మిత్రుని భార్య దించుకున్న ఆ ఒక్క జి.ఓ. ఆమె కుమారుని దగ్గర భద్రంగా ఉంది. మిగతా వందలాది ఉత్తర్వులు ఎవరెవరి దగ్గర చేరాయో చెప్పలేం.

అందుచేత సభ్యులకు నా విన్నపాలు ఇవి. మీ ట్రంకుపెట్టెల్లో ఉన్న పాత జి.ఓ.లు, సర్క్యులర్లు, పే కమిషను నివేదికలు, సంఘం పాత సంచికలు చిత్తుకాగితాలవాడికి వేయకండి. మనవల చేత స్కాన్ చేయించండి. ఫైలు పేరులోనే నంబరు, సంవత్సరం, శాఖ రాయండి. దీర్ఘకాలం నిలిచేందుకు 2005లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన పి.డి.ఎఫ్.-ఎ అనే రకం ఉంది, అందులో భద్రపరచండి. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి సంఘంలో, ఒకటి ఇంటర్నెట్ ఆర్కైవు వంటి చోట ఉండాలి. వెబ్‌సైటు నడిపే సభ్యులు వాటి సంకేతపదాలు, అద్దె గడువు తేదీ నామినేషను పత్రం పక్కనే రాసి ఉంచండి. ఓపిక ఉన్నవారు తెలుగు వికీసోర్సులో రోజుకొక పేజీ దిద్దవచ్చు. ఫేర్ కాపీలు సరిచూసిన కళ్ళు మనవి, ఆ పని మనకంటె బాగా ఎవరు చేయగలరు?

ఒక హెచ్చరిక కూడా. ఇచ్చేవాళ్ళందరూ దాతలు కారు. లైఫ్ సర్టిఫికెట్టు కోసమనో, పెన్షను సవరణ కోసమనో చెప్పి వాట్సాప్‌లో ఎ.పి.కె. అనే అక్షరాలతో ముగిసే ఫైలు పంపి, దాన్ని తెరిచినవారి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసగాళ్ళు తయారయ్యారు. అటువంటి ఫైలు ముట్టుకోవద్దు. ఏ ట్రెజరీ అయినా, ఏ బ్యాంకు అయినా ఆ రకంగా ఫైళ్ళు పంపదు.

ఈ సంవత్సరం సర్వసభ్య సమావేశంలో, సంఘం తరఫున పాత ఉత్తర్వుల భాండాగారం ఒకటి ఏర్పాటు చేసి, దాని వార్షిక అద్దెను సంఘం నిధి నుంచి చెల్లించేలా తీర్మానం ప్రవేశపెట్టబోతున్నాను. మనుషులు మారినా సంఘం ఉంటుంది గనుక, అద్దె కట్టే చెయ్యి ఆగదు. సభ్యులందరూ బలపరచవలసిందిగా ప్రార్థన. నా వంతుగా ఇంట్లో ఉన్న రెండు బీరువాల కాగితాలు సంఘానికి అప్పగిస్తాను. వాటిలో ఏ కాగితం ఏ ఇంటి దీపానికి నూనె అవుతుందో మనకు తెలియదు.

సెలవు.